మూపురం పైకి

ఆ ఎండాకాలం మా నాన్న జేబులో ఉండే సుద్దముక్క మా మరదలి చేతికి వెళ్ళింది. చెప్పుకుంటే ఇంతే విషయం. పోతే పోయింది, కొట్లో ఇంకోటి దొరకదా అని మా తమ్ముడు నవ్వాడు. వాడికేం తెలుసు! వాడు ఇనుము మోసే బండి తోలతాడు గానీ ఆ ఇనుము కేసి ఏనాడూ కళ్ళెత్తి చూసిన పాపాన పోలేదు.

మాది సన్న దూలాల పని. పెద్ద పెద్ద మేడలకీ వంతెనలకీ వేసే బరువైన దూలాలు మా జోలికి రావు, మేమూ వాటి జోలికి పోము. ఇద్దరు మనుషులు భుజాన వేసుకుని మోయగలిగే తేలికపాటి ఇనుప దూలాలతో ఏమేం చేయొచ్చో అవన్నీ చేస్తాం. ఇరుకు కొట్టులో పైన ఇంకో అంతస్తు కావాలంటే మమ్మల్నే పిలుస్తారు. డాబా మెట్లు, నీళ్ళ ట్యాంకు కింద చట్రం, మెకానిక్కు షెడ్డులో ఇంజన్ను పైకెత్తే గొలుసు వేలాడదీసే పట్టా, గోడ పగలగొట్టి వెడల్పాటి తలుపు పెట్టుకుంటే దాని నెత్తిన బరువు మోసే దూలం... ఊళ్ళో సగం ఇళ్ళు మా దూలాల మీదే నిలబడ్డాయని నేనంటే కోతలు కోస్తున్నానంటారు. సగం కాకపోయినా, మా వీధి మటుకు నిలబడింది.

ఈ దూలాలతో ఒక చిక్కుంది. చూడ్డానికి గీత గీసినట్టు ఉంటాయి గానీ ఏ దూలమూ నిజంగా తిన్నగా ఉండదు. మిల్లు నుంచి వచ్చేటప్పుడే ఎటో ఒక వైపు వెంట్రుకవాసి ఉబ్బి ఉంటుంది. మా షెడ్డులో దాన్ని మూపురం అంటాం. మూపురం పైకి వచ్చేలా బిగిస్తే, బరువు పడ్డాక దూలం సర్దుకుని చదునుగా కూర్చుంటుంది. కిందికి వచ్చేలా బిగించామా, మొదటి రోజు నుంచే పొట్ట జారిన మనిషిలా వేలాడుతుంది. అందుకని లోడు దిగగానే ఒక్కో దూలాన్నీ రెండు చెక్క దిమ్మల మీద పక్కకి వాల్చి పడుకోబెట్టేవాళ్ళం. నాన్న ఒక కొసన గొంతుక్కూర్చుని, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో దాని అంచు వెంట చూసేవాడు. చూసి, మూపురం ఉన్న వైపు సుద్దతో ఒక సున్నా చుట్టేవాడు. ఆ సున్నా పడితే గానీ దూలం మీద రంపం పడదు.

ఆ చూపు నాకు చిన్నప్పుడే నేర్పాడు. నేర్పాడు గానీ గుర్తు మాత్రం పెట్టనివ్వలేదు. "షెడ్డుకి ఒక్క కన్నే ఉండాలే. ఇద్దరు చూస్తే ఇద్దరికీ రెండు రకాలుగా కనిపిస్తుంది. ఇక తగువు తీర్చేదెవరు?" అనేవాడు. సరే, ఆయన చూసినంత కాలం చూస్తాడు, ఆ తర్వాత నాదేగా అనుకున్నాను. కొలతలు నావి, కోత నాది, వెల్డింగు నాది, పని ఇచ్చినవాళ్ళతో పేచీలు నావి. అమ్మ పోయాక ఇంటి బాధ్యతా నాదే. ఆ సుద్దముక్క ఒక్కటే నాది కాదు. దానికోసం కాచుక్కూర్చున్నానని నాన్నకి తెలియకుండా ఉంటుందా?

మా తమ్ముడి పెళ్ళయి అప్పటికి ఎన్నో నెలలు కాలేదు. మరదలు ఒక టైలరు గారి అమ్మాయి. మనిషి సన్నంగా, మాట మెత్తగా, ఎప్పుడూ గోడకి ఆనుకుని నిలబడినట్టుండేది. ఆ రోజు షెడ్డులోకి టీ పట్టుకుని వచ్చింది. అప్పుడే దూలాల లోడు దిగింది. నాన్న దిమ్మల దగ్గర కూర్చుని ఉన్నాడు. నేను పక్కనే చేతి తొడుగులు వేసుకుంటున్నాను.

"అమ్మా, ఇట్రా. ఒక్కసారి ఇలా కూర్చో," అన్నాడు మరదలితో.

"నేనా మావయ్యా?"

"నువ్వే. ఎడమ కన్ను మూసుకో. ఇదిగో, ఈ అంచు వెంట చూసుకుంటూ పో. ఎటు ఉబ్బింది?"

ఆమె టీ గ్లాసులు నా చేతిలో పెట్టి, కొంగు దోపుకుని కూర్చుంది. నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు చూసింది.

"కుడివైపు... కుడివైపే మావయ్యా."

"శభాష్!"

నేను ఆ షెడ్డులో ఎన్నేళ్ళుగానో ఒళ్ళు కాల్చుకుంటున్నాను. నా పనికి నాన్న అనే గొప్ప మాట "ఊఁ". మరీ మెచ్చుకోవాలనిపిస్తే "ఊఁ ఊఁ". శభాష్ అనే మాట ఆయన నోట వస్తుందని నాకు ఆ రోజు దాకా తెలియదు. గ్లాసుల్లో టీ నా చేతుల్లోనే చల్లారింది.

అక్కడితో ఆగితే బాగుండేది. జేబులోంచి సుద్దముక్క తీసి, "ఇంద, గుర్తు కూడా నువ్వే పెట్టు," అన్నాడు.

ఆమె టైలర్లు గుడ్డ మీద గీసినట్టు సన్నగా, పొట్టిగా ఒక అడ్డగీత గీసింది.

"సున్నా చుట్టాలమ్మాయ్. మా షెడ్డులో అదే గుర్తు," అన్నాను.

"ఏదైతేనేం లేవే," అన్నాడు నాన్న. "కనపడితే చాలు."

నా ఒళ్ళు మండిపోయింది. నేనే గనక గీత గీసి ఉంటే ఆ పూటంతా సాధించేవాడు.

ఇక అప్పట్నుంచి వాళ్ళిద్దరూ ఒక జట్టు. లోడు రాగానే "అమ్మా!" అని కేక. ఆవిడ వచ్చి కూర్చోవడం, ఎటో చెప్పడం, ఈయన శభాష్ అనడం. అన్నం తినేటప్పుడు ఆయన పక్కన కూర్చునేది నేను. ఇప్పుడు ఆమె కూర్చుని, గిన్నెలు దగ్గరికి జరుపుతూ, "ఇది కుడిచేతి వైపు పెట్టాను మావయ్యా, నీళ్ళు ఎడమవైపు," అని ఒకటే సేవ. నాన్న చంటిపిల్లాడా ఏంటి చేతికి అందివ్వడానికి! నేను కంచంలోకి చూస్తూ కళ్ళలో నిప్పులు పోసుకునేదాన్ని.

అలా ఉండగానే బైండింగాయన పని వచ్చింది. పుస్తకాలకి అట్టలు కుట్టే పెద్దాయన. కొట్టు ఒక సన్న గొందిలో ఉంది. గొందిలో ఎదురుగా గొడుగు వస్తే మనం వెనక్కి నడవాలి, అంత ఇరుకు. క్రేను మాట దేవుడెరుగు, సైకిలు కూడా వంకరగా నడిపించుకు రావాలి.

"వానలొచ్చే లోపల పైన ఒక అంతస్తు వేసిపెట్టాలమ్మా," అన్నాడు కాగితాల కట్టలు చూపిస్తూ. "పోయినేడు వాన నీళ్ళు లోపలికొచ్చి కట్టలన్నీ ఉబ్బి మొద్దులైపోయాయి. ఒక్కో కాగితం విడదీయలేక ఏడుపొచ్చిందనుకో. ఈసారీ అలాగే అయితే కొట్టు మూసేసుకోవడమే."

"కాగితం బరువు తక్కువేం కాదు," అన్నాను గోడ పొడవు టేపుతో కొలుస్తూ. "దూలాలు దగ్గర దగ్గరగా వెయ్యాలి."

"మీరెలా అంటే అలా. సాఫుగా ఉండాలి, అంతే. నేల వంపుగా ఉంటే నా కట్టలు జారిపోతాయి."

నాన్న కూడా వచ్చాడు, మరదల్ని వెంటబెట్టుకుని. చూసి నేర్చుకుంటుందట. గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఆమెనే అడుగుతున్నాడు. "ఆ మూల ఎలా ఉందమ్మా? పగుళ్ళేమైనా ఉన్నాయా? ఇటుక బయటికి కనిపిస్తోందా?" ఆవిడ ఒక్కోటీ పాఠం అప్పజెప్పినట్టు చెబుతోంది. టేపు రెండో కొస పట్టుకునేవాళ్ళు లేక నేను దాన్ని కాలి కింద తొక్కిపెట్టుకుని కొలుచుకున్నాను.

దీనికి తోడు రంగుల కొట్టు ప్రయాణాలొకటి. వారానికోసారి ఇద్దరూ స్కూటరు ఎక్కి వెళ్ళేవాళ్ళు. ఆమె తోలేది, ఆయన వెనక కూర్చునేవాడు. మోకాలు నొప్పని నాన్న స్కూటరు తోలడం మానేశాడు. గంటల తరబడి ఎక్కడో తిరిగి, వట్టి చేతులతో వచ్చేవాళ్ళు.

"రంగేదీ?" అని అడిగాను ఒకసారి.

"నచ్చలేదు వదినా," అంది మరదలు నేల చూపులు చూస్తూ.

మేము దూలాలకి వేసేది తుప్పు పట్టకుండా వేసే ఎర్ర పూత. లోకం మొత్తం మీద అది ఒకటే రంగులో దొరుకుతుంది. అందులో నచ్చకపోవడానికి ఏముంది?

ఆ సాయంత్రం తమ్ముడు బండి కడుగుతుంటే వెళ్ళి బకెట్టు మీద కూర్చున్నాను.

"ఒరేయ్, నిజం చెప్పు. నాన్న షెడ్డు నీ పెళ్ళాం పేర రాసేస్తున్నాడా?"

వాడు పైపు కింద పడేసి నవ్వాడు. "నీకేమైనా మతిపోయిందా అక్కా? దానికి షెడ్డెందుకు? నాకే అక్కర్లేదు."

"మరి ఇద్దరూ ఎక్కడికెళ్తున్నట్టు?"

"రంగుల కొట్టుకనే అది నాతోనూ చెప్పింది. నాకెందుకు, నేను ఇంకేం అడగలేదు." కాస్త ఆగి, నా మొహంలోకి చూసి, "నీకు కుళ్ళు అక్కా," అన్నాడు.

"అవున్రా, కుళ్ళే. అయితే ఏంటి?"

వాడు పైపు తీసుకుని చక్రాలు కడగడంలో పడ్డాడు.

బైండింగాయన పనికి ఆఖరి దూలాలు దిగిన రోజున మరదలు ఊళ్ళో లేదు. వాళ్ళమ్మకి జ్వరమని పుట్టింటికి వెళ్ళింది. నాకు లోపల పండగే అనుకోండి. ఇవాళ నాన్నకి నేను తప్ప ఇంకెవరున్నారు? దూలాల్ని దిమ్మల మీద పెట్టించి, అక్కడక్కడే తచ్చాడాను. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాను. పిలుస్తాడని చెవులు రిక్కించుకుని ఉన్నాను.

నాన్న పిలవలేదు. ఒక్కడే కూర్చుని ఎడమ కన్ను మూశాడు. చాలాసేపు చూశాడు. దూలం అంచుని అరచేత్తో నిమిరాడు, మళ్ళీ చూశాడు. తర్వాత కొత్త సుద్దముక్క తీసి లావుపాటి సున్నా చుట్టాడు. అన్నిటికీ అలాగే చుట్టాడు. నేను ఆయనకి మూరెడు దూరంలో చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆవిడ లేకపోయినా నేను పనికిరాలేదన్న మాట. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మరదలు తిరిగొచ్చాక మోత మొదలుపెట్టాం. తమ్ముడు గొంది మొదట్లో బండి ఆపి, దూలాలు దించి పెడతాడు. అక్కణ్ణుంచి కొట్టు దాకా ఒక్కోటీ భుజాన మోసుకెళ్ళాలి. మాకు ఎప్పుడూ వచ్చే కూలీలు వానల ముందు డాబా పనులకి ఎగబడ్డారు, ఒక్కడూ దొరకలేదు. తమ్ముడు బండి వదిలి వస్తే వెనకనున్న వాళ్ళు హారన్లతో చంపుకు తింటారు. మిగిలింది మేమిద్దరం. ముందు కొస నేను, వెనక కొస ఆమె. మధ్యలో దూలం పొడవంత దూరం ఉంది కాబట్టి సరిపోయింది.

"వదినా, ముందు మెట్టుంది."

"నా కళ్ళకి కనపడుతోంది."

"కొంచెం ఎడమకి తిరగండి, నా కొస గోడకి కొట్టుకుంటోంది."

"నీ కొస నువ్వు చూసుకో."

ఠంగుమని ఎవరిదో కిటికీకి తగిలింది. లోపలి నుంచి ఒకావిడ తల బయటికి పెట్టి, "చూసి నడవండమ్మా, ఇల్లు కూలుస్తారా!" అంది.

"వెనకావిడ్ని అడగండి. ఆవిడ చూపు మహా గొప్పదట," అన్నాను.

వెనక నుంచి మెల్లగా, "భుజం మార్చుకుందామా వదినా? మీరు కుడి భుజం మీదే మోస్తున్నారు, వాచిపోతుంది," అంది. ఎవరైనా తిట్టు తింటే తిట్టాలి, లేకపోతే ఊరుకోవాలి. ఇలా మంచిగా మాట్లాడితే ఒళ్ళు మండదా? భుజం మార్చుకోలేదు. రాత్రికి నిజంగానే వాచింది.

దూలాల కొసలకి గోడల్లో గూళ్ళు తొలిచి ఉంచాం. ఒక్కోటీ ఎత్తి, సుద్ద గుర్తు పైకి వచ్చేలా కూర్చోబెట్టాం. ఆకాశం అప్పటికే మూసుకొస్తోంది. బైండింగాయన గుమ్మంలో నిలబడి ఒకసారి మబ్బుల్నీ ఒకసారి మమ్మల్నీ చూస్తున్నాడు. నాన్న ఇంకా రాలేదు. నేను నిచ్చెన మీద ఉన్నాను. ఎందుకో నడిమి దూలం మీద నా కన్ను నిలబడిపోయింది. ఎడమ కన్ను మూసి దాని వెంట చూశాను.

మూపురం కిందికి ఉంది.

సుద్ద గుర్తు మాత్రం పైనే ఉంది. నమ్మలేక, దూలం పై అంచు మీద ఈ కొస నుంచి ఆ కొసకి తెల్ల దారం బిగించి కట్టాను. మూపురం పైకి ఉంటే దారం నడుమ దూలాన్ని తాకాలి. తాకలేదు. దారం కింద అగ్గిపుల్ల పెడితే సుళువుగా దూరింది.

నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. దొరికింది టైలరు కూతురు! నాన్న శభాష్‌లన్నీ తిరిగి కక్కించే సమయం వచ్చింది. ఆమె కింద గూళ్ళలో సిమెంటుకని ఇసుక కలుపుతోంది. నాన్న రావాలి, ఆయన ముందు చెప్పాలి.

తమ్ముడు నాన్నని తీసుకొచ్చాడు. గుమ్మంలో కాలు పెట్టాడో లేదో అందుకున్నాను.

"నాన్నా, పైకి రా. నీ శిష్యురాలి ఘనకార్యం చూద్దువుగాని. మూపురం కిందికి పెట్టి బిగించాం. కాగితాల బరువు పడితే ఈ పెద్దాయన కట్టలన్నీ నడిమికి జారి వస్తాయి. దారం కట్టి ఉంచాను, నీ కళ్ళతో నువ్వే చూడు."

బైండింగాయన "అయ్యో" అన్నాడు. తమ్ముడు నా వైపు చూశాడు. నాన్న రెండో నిచ్చెన ఎక్కాడు. నా పక్కకి వచ్చి, దూలం ముందు మొహం పెట్టి నిలబడ్డాడు. సున్నం కొట్టిన గోడ, దాని ముందు తెల్ల దారం.

"దారం ఎక్కడ కట్టావు?" అన్నాడు.

దారం ఆయన ముక్కు ముందే ఉంది.

ఆయన చెయ్యి చాచాడు. వేళ్ళు దారానికి పై నుంచి పోయి, గాల్లో వెతికి, కిందికి వచ్చి తగిలాయి. వేళ్ళతో దారాన్ని తడుముకుంటూ నడిమి దాకా వెళ్ళి, కింద గోరు పెట్టి సందు చూసుకున్నాడు.

"నిజమే," అన్నాడు.

"నా పొరపాటే మావయ్యా," అంది కింద నుంచి మరదలు, చేతులకి అంటిన ఇసుక దులుపుకుంటూ. "ఆ రోజు తొందరలో తప్పు చూశాను."

నేను దూలం మీది గుర్తు కేసి చూశాను. గీత కాదు. సున్నా. లావుగా, నొక్కి చుట్టిన సున్నా. ఆ దూలం దిగిన రోజున ఆమె అసలు ఊళ్ళోనే లేదు.

"సరేలే, తిప్పి పెడదాం," అన్నాను. "ఇంకా సిమెంటు పెట్టలేదుగా. తమ్ముడూ, ఆ కొస పట్టు."

తిప్పి పెట్టాం. మిగతావన్నీ నేనే ఒక్కోటీ చూసుకున్నాను, బాగానే ఉన్నాయి. నాన్న కింద కాగితం కట్ట మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, దూలాల చప్పుడు వింటూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చాక పెరట్లో కుళాయి దగ్గర మరదల్ని పట్టుకున్నాను. మోచేతుల దాకా సబ్బు రాసుకుంటోంది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

ఏమిటని అడగలేదు. "నాకు మొదటి రోజే తెలిసింది వదినా. సుద్దముక్క ఇవ్వబోయి నా చేతికి పక్కన, గాల్లో పెట్టారు. నేనే చెయ్యి అక్కడికి జరిపాను."

"రంగుల కొట్టు?"

"కంటాసుపత్రి. కంట్లో ఒత్తిడి పెరిగిందట. పోయిన చూపు ఇక రాదన్నారు. ఉన్నది పోకుండా చుక్కల మందు వేస్తున్నాం."

"వేస్తున్నాం!" ఆ మాట నన్ను ఎక్కడ గుచ్చాలో అక్కడే గుచ్చింది. "నేను ఆయన కూతుర్నే. నాకు చెప్పాలని తోచలేదా?"

"మీకు మాత్రం చెప్పొద్దన్నారు."

"నాకు మాత్రమా?"

"దానికి తెలిస్తే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాళ్ళు కదపనివ్వదు అన్నారు." అది మాత్రం నిజం, కూర్చోబెట్టేదాన్నే. ఆమె సబ్బు నురగ కడుక్కుంటూ అంది. "ఇంకోటి కూడా అన్నారు. మీకు నేర్పడానికి ఏం మిగల్లేదట. అన్నీ తెలిసిన మనిషిని పిలిచి, ఇది ఎటు ఉబ్బిందో చూసి చెప్పవే అంటే, నీకేమైందని అడుగుతారట. ఏమీ తెలియని దాన్నయితే, నేర్పుతున్నాను అని చెప్పుకోవచ్చు. అందుకని నన్ను పిలిచారు. నా గొప్పేం లేదు వదినా."

ఆ మాటతో నా మనసు తేలికపడాలి. కథల్లో అయితే ఆమెని కావిలించుకుని ఏడ్చేదాన్ని. నాకు కుళ్ళు ఇంకా ఎక్కువైంది. ఇన్నాళ్ళూ సుద్దముక్క ఒక్కటే పోయిందనుకున్నాను. ఆయన చీకటి కూడా ఆవిడతోనే పంచుకున్నాడు. ఆయన కంట్లో చుక్కలు వేసిందీ, కంచం పక్కన నీళ్ళు ఎటున్నాయో చెప్పిందీ, ఆఖరికి ఆయన తప్పు తన నెత్తిన వేసుకున్నదీ ఆవిడే. నాకేం మిగిల్చారు ఇద్దరూ కలిసి?

"ఆ తువ్వాలు ఇటివ్వు," అన్నాను. ఇచ్చింది. ఇద్దరం ఒకే తువ్వాలుతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళాం.

దూలాల మీద చెక్కలు పరిచి మేకులు కొట్టిన మర్నాడే వాన విరుచుకుపడింది. గొందిలో నీళ్ళు మోకాలి లోతున పారాయి. బైండింగాయన పైన కట్టల మధ్య కూర్చుని, మేం వెళితే దిగి రానన్నాడు. "గోళీ పెట్టి చూశానమ్మా, కదల్లేదు!" అని పై నుంచి కేకేశాడు. నాన్న మొహం వెలిగింది. ఎవరికి వినపడాలని అన్నాడో గానీ, "ఊఁ ఊఁ," అన్నాడు.

వానలు కాస్త తెరిపినిచ్చాక కొత్త లోడు దిగింది. ఎవరిదో మేడకి బయటి మెట్లు. తమ్ముడు మొదటి దూలాన్ని దిమ్మల మీద వాల్చి బండి దగ్గరికి వెళ్ళాడు. మరదలు అది దొర్లకుండా అవతలి కొస పట్టుకుని నిలబడింది. నాన్న జేబులో చెయ్యి పెట్టుకుని, "అమ్మా," అని పిలవబోయాడు. నేను గ్రైండరు ఆపి, వెళ్ళి ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాను.

"నాన్నా, నాకోసారి నేర్పు."

"ఏంటి?"

"మూపురం చూడ్డం. ఎప్పుడో చిన్నప్పుడు చెప్పావు. చూడక చూడక మర్చిపోయాను."

నాన్న నా వైపు తిరిగాడు. నా మొహం ఆయనకి ఎంత కనపడిందో నాకు తెలియదు. అది మర్చిపోయే పని కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఎవరు చెప్పారని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు.

"మర్చిపోక ఏం చేస్తావు? ధ్యాస ఉంటేగా!" అని కసురుకున్నాడు. "ఎడమ కన్ను మూసుకో."

మూసుకున్నాను.

"ఏం కనిపిస్తోంది?"

మామూలుగా అయితే ఎటో ఒక్క మాట చెప్పి ఊరుకోవాలి. నేను అంతా చెప్పాను. అంచు మీద వాన చుక్కలు వరసగా నిలిచి ఉన్నాయని, మొదట్లో కాస్త తుప్పు మరక ఉందని, సగం దాకా గీతలా పోయి అక్కణ్ణుంచి మెల్లగా పక్కకి వాలిందని, మళ్ళీ కొసకి వచ్చేసరికి సర్దుకుందని చెప్పాను. ఆయన తల కొద్దిగా వంచి వింటూ, నా మాట వెంట తనూ ఆ అంచు మీద నడిచినట్టు, మెల్లగా తలాడించాడు.

"అయితే ఎటు?"

"ఎడమవైపు."

"శభాష్," అన్నాడు.

"కాదు మావయ్యా!" అవతలి కొస నుంచి మరదలు గభాలున అరిచింది. అంత పెద్ద గొంతు ఆమెకుందని అప్పటిదాకా నాకు తెలియదు. "కుడివైపు! వదిన సరిగ్గా చూడలేదు. నేను ఇక్కణ్ణుంచి చూస్తున్నాగా, కుడివైపే!"

నాన్న నవ్వాడు. ఆ ఎండాకాలం మొత్తం మీద ఆయన నవ్వగా నేను చూడలేదు. "నువ్వు ఆ కొసనున్నావమ్మా. నీ కుడీ దాని ఎడమా ఒకటే."

దూలం వెంట ఇంకా ఒక కన్నుతోనే చూస్తున్నాను కాబట్టి, నా చూపుకి సరిగ్గా తిన్నగా ఆమె మొహం కనిపించింది. మాడిపోయి ఉంది. కుళ్ళు మొహం ఎలా ఉంటుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఎందుకు దాచుకోవాలి, నా కడుపు చల్లబడింది.

నాన్న జేబులోంచి సుద్దముక్క తీసి చాచాడు. నా చేతికి పక్కన, గాల్లో పెట్టాడు. నేను చెయ్యి అక్కడికి జరిపాను.

మరదలు అవతలి కొసన మూతి ముడుచుకుని నిలబడే ఉంది. నేను సున్నాని కొంచెం పెద్దగానే చుట్టాను.